మధూలిక గొంతు

“ఆవిడ పోయిందని తెలియగానే చేతిలో పని చేతిలోనే ఆగిపోయిందండి.” పలుచన. “సొంత అక్క పోయినట్టుంది.” పలుచన. “నా పెళ్ళిచూపుల రోజున టీవీలో ఆవిడ సినిమాయే వస్తోంది. ఆ గొంతు వింటూ వింటూ నేనేమీ ఆలోచించకుండా సరేననేశాను.” ఇది చిక్కన. జోషిత ఈ మూడోదాన్ని కుడివైపుకు తోసేసి, మొదటి రెండింటినీ వెనక్కి పంపింది. వెనక్కి వెళ్ళినవాళ్ళు మళ్ళీ చెప్పుకోవాలి, ఈసారి కాస్త మనసు పెట్టి. సాయంత్రం ఆరింటి దాకా గడువుంది.

అప్పటికి రెండున్నర. కాకినాడ స్పందన భవనం మూడో అంతస్తులో ఇరవైమంది తూకందారులు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఎవరి తెర ముందు వాళ్ళు కూర్చున్నారు. పొద్దున్న పదకొండింటికి సినీనటి మధూలిక మరణవార్త అరుగులన్నిటి మీదా ఒకేసారి పడింది. అరుగంటే ఇరుగుపొరుగంతా ఒకరి మాట ఒకరు వినే చోటు, ఒక్కోదానికి నాలుగు వందల గడపలు. ప్రతి గడపలోనూ పద్దెనిమిదేళ్ళు దాటిన ప్రతి మనిషీ ఆ కబురు విని, తనకేమనిపించిందో తన నోటితో తన అరుగు మీద చెప్పాలి. మణికట్టుకున్న నాడిపట్టీ ఆ మాటను నాడితో సరిచూస్తుంది. మాటా నాడీ కలిస్తే చిక్కన, కలవకపోతే పలుచన. యంత్రం ఎటూ తేల్చుకోలేనివి తూకందారుల దగ్గరికి వస్తాయి. మామూలు రోజున మనిషికి నూట ఎనభై వస్తాయి. ఇవాళ జోషిత అప్పటికే మూడు వందలు దాటించింది, వరుస ఇంకా తెర కింది దాకా ఉంది.

ఒకప్పుడు ఈ బాధ లేదు. ఎవడికి తోచింది వాడు రాసుకునేవాడు. ఎవరో పేరున్నవాళ్ళు పోతే ఒకడు నాలుగు ముక్కలు రాసేవాడు, వెయ్యిమంది వాటినే ఎత్తి తమ గోడకు అంటించుకునేవారు. బతికున్నవాళ్ళకు నివాళులు రాసిపారేసిన రోజులు కూడా ఉన్నాయి. చచ్చినవాళ్ళ గొంతుతో దొంగమాటలు పుట్టించి ఓట్లడిగిన పెద్దమనుషులూ ఉన్నారు. జనం విసిగిపోయారు. రాత వద్దు, ఎవరి సొంత గొంతు వాళ్ళదే చెల్లుతుందన్నారు. అందరూ బాగుందన్నారు. కొన్నాళ్ళు బాగానే ఉంది కూడా. తరవాత ఎవరికో ఒక అనుమానం వచ్చింది. మరి చెప్పనివాడి సంగతేమిటి, ఏమీ అనిపించనివాడిని పక్కింట్లో పెట్టుకుని పడుకునేదెలా అని. అప్పుడు పుట్టింది మూగగీత. గడువులోగా చెల్లే స్పందన ఇవ్వకపోతే ఒక గీత. ఏడాదిలో మూడు గీతలు పడితే అరుగు దిగాల్సిందే. అరుగు దిగినవాళ్ళను ఎవరూ కొట్టరు, తిట్టరు. ఆసుపత్రి వరుసలో పేరుండదు. మంచినీళ్ళ బండి ఆ గడప ముందు ఆగదు. బస్సు తలుపు తెరుచుకోదు. అంతే.

జోషిత తన స్పందన పదకొండూ పదికే చెప్పేసింది. వాళ్ళమ్మ జాకెట్లు కుట్టేది. మిషను పక్కన మధూలిక సినిమాలు పెట్టుకునేది, చూడ్డానికి కాదు, వినడానికి. కళ్ళు కుట్టు మీదే ఉండేవి. అమ్మ పోయి ఆరేళ్ళయినా ఆ గొంతు వినిపిస్తే చాలు, జోషితకు కొత్త బట్ట వాసన వస్తుంది. అదే చెప్పింది. చెబుతూ ఏడ్చింది. చిక్కన అని రాగానే మనసు తేలికపడింది, వెంటనే సిగ్గేసింది, ఆ సిగ్గు పట్టీకి తెలిసిపోతుందేమోనని భయమూ వేసింది. తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఆ భయం మామూలైపోయింది.

మూడింటికి ఒక ఎర్ర వరుస వచ్చింది. దాని మీద ‘సమాధి గొంతు’ అని ఉంది.

పేరున్న మనిషి ఎవరైనా పోతే గంట తిరక్కుండా వాళ్ళ గొంతును సమాధి చేస్తారు. ఆపైన ఆ గొంతుతో ఎక్కడ ఏ మాట వినిపించినా యంత్రం పట్టుకుని నొక్కేస్తుంది. పోయినవాళ్ళ చేత మాట్లాడించే దొంగలు ప్రతి చావుకూ పుట్టుకొస్తారు కనుక తూకందారులకు ఎర్ర వరుస కొత్తేమీ కాదు. ఒకసారి విని, దొంగ గొంతని కొట్టేసి, గీత వేసి ముందుకు పోవడమే. జోషిత మీట నొక్కి విన్నది.

“పోయిందా. పాపం, నాకంటే నాలుగేళ్ళు చిన్నది.” కాసేపు ఊపిరి చప్పుడు. “పోనీలే. ఇక నేను మాట్లాడుకోవచ్చు.”

మధూలికే. అనుమానమే లేదు. ఆ ‘పోనీలే’ చివర కాస్త విరిగే జీర, అమ్మ మిషను ఆపి మరీ వినే జీర. జోషిత హెడ్‌ఫోన్లు తీసి అటూ ఇటూ చూసింది. ఎవరి పనిలో వాళ్ళున్నారు. మళ్ళీ పెట్టుకుని మళ్ళీ విన్నది.

అప్పుడు నాడి చూసింది. చిక్కన. ఆ పూట వచ్చిన మూడు వందల్లో అంత చిక్కనిది ఒక్కటీ లేదు. దొంగ గొంతులకు నాడి ఉండదు, వాటిని పుట్టించేది యంత్రమే కదా. దీనికి ఉంది. కింద సభ్యురాలి వివరాలున్నాయి. హైమావతి, డెబ్బై ఒకటి, జగన్నాథపురం ఇరవై రెండో అరుగు. ఈ ఏడాది మూగగీతలు రెండు.

కొట్టేస్తే మూడోది పడుతుంది. జోషిత వేలు కొట్టివేత దాకా వెళ్ళి ఆగింది. ఆ వరుసను పక్కన పెట్టి తరవాతిది తీసింది. అది విన్నది కానీ బుర్రకెక్కలేదు.

నాలుగు కావస్తుండగా కింది గేటు నుంచి ఫోను. కాపలా వీరబాబు.

“మేడంగారూ, ఒకసారి కిందికి రావాలండి. పెద్దావిడొకరు వచ్చేరు. తూకందారుతో మాటాడాలంటన్నారు.”

“జనం ఇక్కడికి రాకూడదు కదా వీరబాబూ.”

“ఆయ్, నేనూ అదే చెప్పేనండి. కానీ ఆవిడ మాటాడతంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు. మీరే వచ్చి వినండి.”

స్పందన భవనం కట్టినప్పుడు జనం వచ్చి మాట్లాడుకోవడానికని కింద ఒక కౌంటరు, దాని ముందు నాలుగు బల్లలు వేశారు. తొమ్మిదేళ్ళలో ఎవరూ వచ్చిన పాపాన పోలేదు. బల్లల మీది ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యలేదు. వాటిలో ఒకదాని అంచున బక్కపల్చటి ఆవిడ కూర్చుని ఉంది. ముతక చీర, చేతిలో గుడ్డసంచీ. ఎడమ చేతి మీద నరాలు తాళ్ళలా ఉబ్బి ఉన్నాయి. పట్టీ కుడి మణికట్టుకుంది. వీరబాబు ఆవిడకు మూడు గజాల దూరంలో నిలబడి తన బూట్లు చూసుకుంటున్నాడు.

“నా గొంతు దొంగదంటోందమ్మా మీ మిషను,” అంది ఆవిడ.

గాలిలోంచి నేరుగా ఆ గొంతు వినేసరికి జోషిత బల్ల పట్టుకుని కూర్చుంది. “హైమావతిగారేనా? మధూలికగారికి మీరేమవుతారండి?”

“ఏమీ అవను. ఆ అమ్మాయి పెదాలాడించేది, నేను మాట్లాడేదాన్ని. అరవై రెండు సినిమాలు.”

హైమావతి ఏ తొందరా లేకుండా చెప్పింది. మధూలికది ఈ భాష కాదు. గొంతు కూడా బొంగురు, హీరోయిన్‌కు పనికిరాదన్నారు. మొదటి సినిమాకే హైమావతి చేత చెప్పించారు, అది జనానికి పట్టేసింది. ఇక వదల్లేదు. టీవీలో ఇంటర్వ్యూ అయినా, నగల దుకాణం ప్రారంభమైనా ముందు హైమావతి చేత చెప్పించి ఆ అమ్మాయి పెదాలకు అతికేవారు. తెర మీద పేరు వెయ్యలేదు. వెయ్యరు కూడా, అది వాళ్ళ లోకంలో ఆనవాయితీ. అది చాలదన్నట్టు కాగితం రాయించుకున్నారు.

“బయటెక్కడా నా గొంతుతో మాట్లాడకూడదని. గుట్టు తెలిస్తే సినిమా ఆడదట. కూరల బండి దగ్గర వేలు చూపించి కొనుక్కునేదాన్ని. పక్కవాటా వాళ్ళు చాలాకాలం మూగదాన్ననుకున్నారు.”

“ఎన్నాళ్ళకు రాశారు కాగితం?”

“ఆ అమ్మాయి బతికున్నంత కాలం. పొద్దున్నతో తీరిపోయింది.”

“మరి ఇన్నేళ్ళూ అరుగు మీద స్పందనలు ఎలా చెప్పారు? అవి నోటితో చెప్పాల్సినవే కదా.”

హైమావతి గొంతు సవరించుకుంది. ఇంతలోనే ముక్కుతో మాట్లాడే ఓ ముసలావిడ ఆ బల్ల మీదికి వచ్చి కూర్చున్నట్టయింది. “ఇలాగేనమ్మా. పేరు నమోదు చేసుకునేనాడే ఈ గొంతిచ్చాను. ఎవరి కబురొచ్చినా ఈవిడే చెప్పేది. ఎవరూ ఏమీ అనలేదు.” మళ్ళీ తన గొంతుకు వచ్చేసింది. “ఆ పెట్టుడు గొంతు సొంతమన్నారు. ఇవాళ నాది నేను వాడుకుంటే దొంగదన్నారు.”

వీరబాబు తల అవతలికి తిప్పుకున్నాడు. పొద్దున్న అతనూ ఏడ్చాడు. కడుపుతో ఉన్న పెళ్ళాం రాత్రిళ్ళు నిద్రపట్టకపోతే ‘వంతెన’ అనే మధూలిక సినిమా పెట్టుకుని ఆ గొంతు వింటూ పడుకునేదని చెప్పి చిక్కన తెచ్చుకున్నాడు. ఆ గొంతు తన ఎదురుగా చెమట తుడుచుకుంటూ కూర్చుని ఉంటే ఎటు చూడాలో అతనికి తెలియడం లేదు.

“ఇప్పుడు దీన్ని కొట్టేస్తే మీకు మూడో గీత పడుతుందండి,” అంది జోషిత.

“తెలుసు. అందుకే వచ్చాను. వారానికి మూడుసార్లు డయాలిసిస్. ఆ రెండు గీతలూ అక్కడ పడినవే. సూదులు గుచ్చి పడుకోబెట్టేటప్పుడు పట్టీ తీసేస్తారు, కబురొచ్చిన సంగతే తెలీదు. రేపు పొద్దున్న తొమ్మిదీ ఇరవైకి నా వంతు.”

“ఒకటి తప్పితే?”

“మా వార్డులో ఒకాయన్ని అరుగు దింపేశారు. నాలుగు రోజులున్నాడు. ఐదోరోజు ఆయన మంచం ఇంకొకరికిచ్చారు.” ఆవిడ సంచీ మడతలు సరిచేసుకుంది. “నాకు భయంగానే ఉందమ్మా. ధైర్యంగా చెబుతున్నానని అనుకోవద్దు.”

జోషిత పైకి పరిగెత్తింది. లిఫ్టు కోసం ఆగబుద్ధి కాలేదు.

పర్యవేక్షకుడు బాపిరాజుగారికి ఇంకో పద్నాలుగు నెలల్లో రిటైర్మెంటు. మంచివాడే. ఎవరికైనా గీత వెయ్యాల్సివస్తే ముందు కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు, తరవాత వేస్తాడు. సంగతంతా విని కళ్ళజోడు తీశాడు.

“ఒక్క స్పందనకు సమాధి తెరవాలంటే మధూలిక వారసులు ఒప్పుకోవాలి జోషితమ్మా. అర్జీ పెడితే వారం పడుతుంది.”

“ఆవిడ దగ్గర వారం లేదు సార్.”

“ఆరోగ్యం బాలేదని మినహాయింపు అడగమను.”

“అదీ గొంతుతోనే అడగాలి కదండీ. తేలడానికీ వారమే.”

ఆయన కళ్ళజోడు మళ్ళీ తుడిచాడు. “అయితే ఆ పెట్టుడు గొంతుతోనే చెప్పమను. ఇన్నేళ్ళూ చెల్లిందిగా, ఇవాళా చెల్లుతుంది. డబ్బింగ్ ఆవిడకు గొంతు మార్చడం ఎంతసేపు చెప్పు. పద, నేనూ వస్తాను.”

అంత తేలిక దారి తనకు తట్టనందుకు జోషిత తనను తానే తిట్టుకుంది. ఇద్దరూ కిందికి వచ్చారు. బాపిరాజుగారు గ్లాసుతో మంచినీళ్ళిచ్చాడు. హైమావతి పెదాలు మాత్రం తడుపుకుని పెట్టేసింది, ఆవిడకు నీళ్ళు కొలత ప్రకారమే. కౌంటరు మీది యంత్రాన్ని వీరబాబు దుమ్ము దులిపి పెట్టాడు. దాని దగ్గర మూడుసార్లే అవకాశం.

“మీకేం తోస్తే అది చెప్పండమ్మా. నిజమే చెప్పండి. గొంతొక్కటే అది పెట్టండి, చాలు,” అన్నాడు బాపిరాజుగారు.

హైమావతి తల ఊపింది. ముక్కు గొంతు ముసలావిడ మాట్లాడింది. “మధూలికగారు పోయారని తెలిసి చాలా బాధపడ్డాను. మంచి నటి.”

పలుచన.

“అందరూ చెప్పే మాట కదండీ, అందుకే పడలేదు. మీ ఇద్దరికే తెలిసిందేదైనా చెప్పండి,” అంది జోషిత. టైము ఐదు దాటింది.

హైమావతి యంత్రం దగ్గరికి జరిగింది. “డబ్బింగ్ థియేటర్లో అద్దం అవతల కూర్చుని నన్నే చూస్తుండేది,” అంది ముసలావిడ. “అక్కా అనేది. ఎవరూ లేనప్పుడు నా పక్కన వచ్చి కూర్చుని, నేను చెప్పిన మాటలు పెదాలతో అనుకునేది. నేర్చుకుందామని. నేర్పడానికి వాళ్ళు ఒప్పుకోలేదు.”

పలుచన. జోషిత నాడి గీత వంక చూసింది. అది తెర దాటిపోయేంత ఎత్తున కొట్టుకుంటోంది. దాని పక్కన గొంతు గీత నున్నగా, కులాసాగా నడిచిపోయింది. ఏ రాజకీయ నాయకుడికో పదవి వచ్చినప్పుడు ఈ రెండూ కలిసిపోయేవి, ఎందుకంటే అప్పుడు నాడికి పట్టింపేమీ లేదు.

“ఇంకొక్కసారుంది,” అన్నాడు బాపిరాజుగారు. ఆయన గొంతు కూడా పలచబడింది.

“వద్దండి.” హైమావతి తన గొంతుతోనే చెప్పింది. “నటించడం రాక కాదు. అరవై రెండు సినిమాల్లో ఏడ్చాను, ఒక్కసారీ రెండో టేకు అడగలేదు. ఆ పిల్ల కోసం ఇంకొకరి గొంతుతో ఏడవడం మాత్రం నా వల్ల కావడం లేదు. పొద్దున్న చెప్పిందే నా స్పందన. అది చెల్లకపోతే మీరైనా ఏం చేస్తారు.”

వీరబాబు బయటికి వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాడు. అక్కడ ఏ పనీ లేదు.

జోషిత మళ్ళీ మెట్లెక్కింది. ఐదూ నలభైకి తన తెర ముందు కూర్చుని, పక్కన పెట్టిన ఎర్ర వరుస తెరిచింది. బాపిరాజుగారు వెనకే వచ్చి నిలబడ్డాడు.

“నమోదు తప్పు అని ఒక గడి ఉంటుంది సార్,” అంది జోషిత. ఉద్యోగంలో చేరిన వారం చెప్పిన పాఠం. తొమ్మిదేళ్ళలో ఎవరూ వాడగా చూడలేదు. “ఒక్క స్పందనకు తెరవాలంటే వారసులు కావాలి. సమాధి చేసిందే వేరొకరి గొంతును అని తేలితే తూకందారు వేలిముద్ర చాలు.”

“అది నాకూ తెలుసు. ఎందుకు చెప్పలేదో అడుగు.” ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “పొద్దున్న నించీ జనం దేనికేడ్చారు? ఆ గొంతుకు. ఎన్ని స్పందనలు విన్నావు, ఆవిడ మొహం గురించి ఒక్కటైనా ఉందా? ఆ గొంతు ఆవిడది కాదని నువ్వు వేలు వేసిన క్షణాన అవన్నీ బతికున్న మనిషికి చావు ఏడుపులవుతాయి. మాటకూ కబురుకూ పొంతన లేదని యంత్రం మొత్తాన్ని వెనక్కి కొడుతుంది. కోటీ పన్నెండు లక్షలు.”

“నాది కూడానా?”

“నీదీ, నాదీ. ఇంకో ఇరవై నిమిషాల్లో గడువు అయిపోతుంది. రేపు విచారణ పెడతారు. వేలిముద్ర తప్పని తేలిస్తే నిన్ను ఉద్యోగంలోంచే కాదు, అరుగు మీంచి కూడా దింపేస్తారు. గీతలు లెక్కపెట్టరు. ఒంటరిదానివి, ఎవరున్నారు నీకు?”

జోషితకు పొద్దున్న తను చెప్పిన మాటలు గుర్తొచ్చాయి, మిషను, కొత్త బట్ట, అమ్మ. అందులో అబద్ధమేమీ లేదు. అమ్మ చెవిలో అన్నేళ్ళు మోగిన ఆ గొంతు కింద ప్లాస్టిక్ కవరు బల్ల మీద కూర్చుని ఉంది, రేపటి సూదుల కోసం. దాన్ని దొంగదని కొట్టేస్తే పొద్దున్న తను ఏడ్చిన ఏడుపుకు అర్థమేమిటి? నలుగురిలో ఏడ్చి చిక్కన తెచ్చుకోవడం తెలిసింది కానీ, ఆ మనిషికి కాసింత మంచి చెయ్యడం తెలియలేదన్నమాట. తన మీద తనకే కోపం వచ్చింది.

“మీరు టీకి వెళ్ళండి సార్,” అంది.

బాపిరాజుగారు లేచాడు. “నేను టీకే వెళ్ళాను. నాకేం తెలీదు,” అని తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. “గడిలో పేరు పూర్తిగా రాయి. ఇంటిపేరుతో. లేకపోతే తీసుకోదు.”

ఐదూ యాభై రెండు. తెర అడిగింది: ఈ గొంతు ఎవరిది?

జోషిత వివరాలు తెరిచి ఇంటిపేరు చూసింది. వెలిచేటి హైమావతి అని రాసింది. ఇదే గొంతుతో ఉన్న మిగతా నమోదులు ఎవరివి అని అడిగింది తెర. అరవై రెండు సినిమాలు, నాలుగు వందల ఇంటర్వ్యూలు, లెక్కలేనన్ని ప్రకటనలు వరుసగా వచ్చాయి. అన్నీ ఆవిడవే అని రాసింది. బొటనవేలు పెట్టమంది. చెమట తడికి ఒకసారి చెల్లలేదు. చీరకు తుడుచుకుని మళ్ళీ పెట్టింది.

ఎర్ర వరుస పచ్చబడింది. చిక్కన, చెల్లింది.

ముందు తన పట్టీయే మోగింది. తరవాత పక్క కుర్చీది. ఆపైన గది మొత్తం, కింది అంతస్తులు, రోడ్డు మీద ఆగిన బస్సులోని జనం, ఎదురు షాపుల్లోవాళ్ళు. అందరి మణికట్ల మీదా ఒకటే మాట: మీ స్పందన చెల్లలేదు, మళ్ళీ చెప్పండి. అరుగుల మీద పొద్దుటి కబురు మళ్ళీ మొదలైంది. మధూలిక ఫొటో వచ్చింది, వంతెన సినిమాలో ముక్క వచ్చింది. ఆవిడ వంతెన మీద నిలబడి పెదాలు ఆడిస్తోంది. మాట లేదు. పెదాలు కదులుతున్నాయంతే. కింద చిన్న అక్షరాల్లో, గొంతు: వెలిచేటి హైమావతి, జగన్నాథపురం.

ఇరవైమంది తూకందారులూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎదురుచూశారు. ఒక్క స్పందనా రాలేదు. రెండు నిమిషాలయింది, నాలుగయింది. వరుసలన్నీ ఖాళీ. ఇంత ఖాళీ తెర జోషిత ఎన్నడూ చూడలేదు. పోయిన మనిషి గురించి ఏం చెప్పాలో ఎవరికీ తెలియడం లేదు, ఎందుకంటే ఆ మనిషి మాట ఎవరూ వినలేదు. గడువు దాటితే కోటీ పన్నెండు లక్షల గీతలు వెయ్యాలా అని యంత్రం పర్యవేక్షకుణ్ణి అడుగుతోంది. ఆయన టీ దగ్గరున్నాడు.

జోషిత పట్టీ మీద పసుపు దీపం వెలిగింది, విచారణ అని. అది చూసి, కొంగు కింద దాచుకుని కిందికి దిగింది.

హైమావతి అక్కడే ఉంది. వీరబాబు ఆవిడ పక్క బల్ల మీద కూర్చున్నాడు. ఈసారి మూడు గజాల దూరం లేదు.

“రేపు తొమ్మిదీ ఇరవైకి మీ వంతు ఉందండి,” అంది జోషిత.

హైమావతి జోషిత చెయ్యి పట్టుకుని, కొంగు పక్కకు తీసి పసుపు దీపం చూసింది. “నీకేమవుతుందమ్మా?”

“రేపు తెలుస్తుంది. నాకూ భయంగానే ఉంది.”

ఆవిడ చెయ్యి వదల్లేదు. వీరబాబు పట్టీ ఆగకుండా మోగుతోంది. అతను దాన్ని అరచేత్తో మూసేసి, “అమ్మగారూ, మళ్ళీ చెప్పమంటందండి. ఏం చెప్పాలో తెలీట్లేదు,” అన్నాడు. “మధూలికగారి అసలు గొంతు ఎలాగుండేదండి?”

హైమావతి కళ్ళు మూసుకుంది. ఒకటి రెండుసార్లు మెడ సవరించుకుంది. తరవాత వచ్చింది ఒక గొంతు, లోతుగా, బొంగురుగా, ఒక్కో తెలుగు మాటనూ తడుముకుంటూ.

“అక్కా. నేను ఏడ్చింది బాగుందా? నువ్వు ఇంకొంచెం బాగా ఏడువ్.”

కౌంటరు మీది యంత్రం ఆ గొంతు విన్నది. చాలాసేపు వెతికింది. ఈ గొంతు ఏ నమోదులోనూ లేదు అని తెర మీద వేసింది.

హైమావతి ఏడవడం మొదలుపెట్టింది. అది అరవై రెండు సినిమాల్లో ఎవరూ విన్న ఏడుపు కాదు. జోషిత ఆవిడ పక్కన కూర్చుంది. ఆరైంది. గడువు ముగిసిందని ముగ్గురి పట్టీలూ ఒక్కసారి మోగి ఆగాయి. ఎవరూ వాటి వంక చూడలేదు.